ఇంగ్లీషున లెక్కకు రాని మాటలు

మేము హైస్కూలులో చదువుకొను దినములలో ఇంగ్లీషున నొక వ్యాసము వ్రాసి ఉపాధ్యాయునకు చూపితిమి. తండ్రి కుమారునకు ఒక మంచి సలహా చెప్పెనను నర్థము వచ్చునట్లు అందులో 'ఏ గుడ్ అడ్వైస్' అని వ్రాసియుంటిమి. ఉపాధ్యాయుడు ఆ వాక్యమును తరగతికంతకు బిగ్గరగా చదివి వినిపించి, 'ఒక సలహాయట! రెండవ సలహా ఎక్కడ?' అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. మఱియొక బాలుడు 'ఫర్నిచర్స్' అని వ్రాసినందుకు ఆనాడే మాతోపాటు నిలువబడవలసి వచ్చెను. అట్లెందుకు వ్రాయరాదని మేమడుగగా, 'ఇంగ్లీషువారు అట్లు వ్రాయరు' అను నుత్తరము తప్ప మఱియొకటి రాలేదు. ఆ రెండవ బాలుడు ఆనాటినుండి తరగతిలో ఇంగ్లీషు మాటాడుటయే మానివేసెను.

మాకు కలిగిన యవమానము చిన్నది, ఏనాడో మఱచితిమి. ఆ బాలుని మౌనమును మాత్రము మఱువలేదు. ఒక చిన్న యక్షరము చేర్చినందుకు ఒక బాలుని నోరు మూతపడవలసి యుండెనా? ఆ నియమము ఎక్కడ పుట్టినది? అది యుక్తివలన కలిగినదా, వాడుకవలన కలిగినదా? ఈ ప్రశ్నలకు వ్యాకరణము చెప్పలేని సమాధానమును చరిత్ర చెప్పుచున్నది. దానినే యిచ్చట చదువరుల ముందుంచ దలచితిమి.

ఇంగ్లీషు భాషకు పండితులు మూడవస్థలు చెప్పుదురు. సుమారు 1100 వఱకు నున్నది ప్రాచీనాంగ్లము; అటుపిమ్మట సుమారు 1500 వఱకు మధ్యాంగ్లము; తరువాతిది నవీనాంగ్లము. నేడు పిల్లలను బాధించు 'ఏ', 'యాన్' అను ఆర్టికిళ్లు ప్రాచీనాంగ్లమున లేవు. 'ఆన్' అను సంఖ్యావాచకము మాత్రము కలదు. దానికి ఒకటి యని యర్థము. కాలక్రమమున ఈ యొక్క మాటయే రెండు పాయలుగా చీలినది. ఊనిక నిలిచినచోట నేటి 'వన్' అయినది. ఊనిక జారినచోట 'యాన్' అయి, హల్లుకు ముందు నకారమును గూడ కోలుపోయి 'ఏ' అయినది. ఈ మార్పు జరుగు కాలమున నకారము ఏ మాటకు చెందినదో సామాన్యజనులకే తెలియలేదు. పూర్వము 'నేప్రన్' అని యుండిన వంటబట్ట పేరు, 'ఏ నేప్రన్' అన్నదానిని 'యాన్ ఏప్రన్' అని విఱిచి పలుకుటచేత 'ఏప్రన్' అయినది. 'నాడర్' అను పాము 'ఆడర్' అయినది. 'న్యూట్' అను చిన్నజంతువు ఇందుకు విపరీతముగా, తనది కాని నకారమును దగిలించుకొన్నది. అనగా నేడు మన పిల్లలు చేయు పొరపాట్లకంటె పెద్ద పొరపాట్లను ఇంగ్లీషువారే చేసిరి. అవియే నేడు శిష్టరూపములై నిఘంటువుల కెక్కినవి.

'ది' యను నార్టికిలుకు తండ్రి వేఱు. ప్రాచీనాంగ్లమున పుంలింగమునకు 'సె', స్త్రీలింగమునకు 'సేఓ', నపుంసకమునకు 'థట్' అని యొక నిర్దేశకము కలదు. మన 'ఆ' యను మాటవలె అది యెదుటనున్న దానిని చూపుచుండెను. దానికి విభక్తులన్నియు నుండెను. 12వ శతాబ్దము నాటికి ఆ విభక్తులు శిథిలమై, లింగభేదము సడలి, అన్నింటికిని బదులుగా 'ది' యొక్కటి మిగిలెను. నపుంసకరూపము మాత్రము 'దట్' అని వేఱుగా నేటికిని జీవించియున్నది.

ఈ పుట్టుపూర్వోత్తరములు తెలిసినచో నియమములో సగము దానంతట నదియే తేటపడును. 'ఏ' యనగా ఒకటి. ఒకటి యనుటకు రెండవది యుండదగిన వస్తువు కావలెను. నీటికిని, ఇసుకకును, బంగారమునకును ఇది మొదటిది, ఇది రెండవది యను విభాగము లేదు. కావున వానిముందు 'ఏ' నిలువదు. 'ది' యనగా ఆ. ఆ నీరు, ఆ బంగారము అనుటకు లెక్కతో పనిలేదు. కావున 'ది వాటర్' అనుట తగును, సామాన్యముగా 'ఏ వాటర్' అనుట తగదు. వేయేండ్లు గడచినను ఈ చిన్న మాటలు తమ పుట్టినింటి గుణమును విడువలేదు.

ఈ త్రోవ ఇంగ్లీషుదొక్కదే కాదు. ఫ్రెంచివారి 'అన్', జర్మనులవారి 'ఐన్' అనునవియు ఒకటి యను సంఖ్యనుండియే పుట్టినవి. లాటిను భాషలో ఆర్టికిలే లేదు. కాని దాని కడుపున పుట్టిన ఫ్రెంచి, ఇటాలియను భాషలు దూరనిర్దేశకము నుండి నిశ్చయార్థమును, సంఖ్య నుండి యనిశ్చయార్థమును కల్పించుకొన్నవి. మన తెలుగున ఆర్టికిలు లేదందుము. అయినను మన యవ్వలు కథ నెట్లు మొదలుపెట్టుదురు? 'ఒక ఊరిలో ఒక రాజు' అనియే కదా. ఆ ఊళ్లు రెండు కావు, మూడు కావు, ఒక్కటియే యని లెక్క తేల్చుట అవ్వ యుద్దేశము కాదు. ఆంగ్లమున 'ఆన్' అను మాట నడచిన త్రోవలోనే మన 'ఒక' కొంతదూరము నడచి నిలిచినది.

ఇక నియమములో రెండవ సగము మిగిలియున్నది. నీటిని, బంగారమును లెక్కపెట్టరాదనుట సరియే. సలహాను, సమాచారమును, కుర్చీలు బల్లలు మొదలగు సామానును లెక్కపెట్టరాదని యెవరు విధించిరి? ఇచ్చటనే మా ఉపాధ్యాయుడు మౌనము వహించెను. ఇంగ్లీషు వ్యాకరణకర్తలేమి చెప్పిరో చూతము.

ఇంగ్లీషు భాషకు మొదటి వ్యాకరణము 1586లో విలియం బుల్లోకరు ప్రకటించినది. లాటిను వ్యాకరణపు మూసలో ఇంగ్లీషును పోయుట ఆనాటి పద్ధతి. లాటినున ఆర్టికిలు లేదు గనుక ఆ మూసలో దానికి చోటు లేదు. నాటకకర్త బెన్ జాన్సన్ వ్రాసిన వ్యాకరణము ఆతని మరణానంతరము 1640లో వెలువడినది. లాటినువారి యెనిమిది భాషాభాగములకు తోడు ఇంగ్లీషున ఆర్టికిలను తొమ్మిదవది కలదని యాతడు చెప్పెను. 1762లో రాబర్టు లౌత్ అను మతాచార్యుడు తన చిన్న వ్యాకరణమున ఆర్టికిలును మొదటి భాషాభాగముగా నిలిపి, ఆర్టికిలు లేని నామము మిక్కిలి విస్తృతమైన యర్థము నిచ్చునని సూత్రీకరించెను. 1795లో లిండ్లీ మఱ్ఱే వ్యాకరణము వచ్చినది. ఇతడు అమెరికాలో పుట్టి, న్యాయవాదవృత్తి చేసి, ఇంగ్లండులో యార్కు పట్టణము చెంత స్థిరపడినవాడు. ఆ పట్టణమందలి యొక బాలికాపాఠశాలలో చెప్పు ఉపాధ్యాయినుల కోరికపై ఈ గ్రంథమును వ్రాసెను. బాలికల చదువు కొఱకు పుట్టిన ఆ పుస్తకము లక్షలకొలది ప్రతులు అమ్ముడుపోయి, ఇంగ్లీషు చదువు సాగిన దేశములలో తరములపాటు ప్రమాణగ్రంథమై యుండెను.

మఱ్ఱే ఏమనెను? గోధుమ, బంగారము, గర్వము మొదలగు వాని పేర్లు ఏకవచనమున మాత్రమే యుండుననియు, కత్తెర మొదలగు వాని పేర్లు బహువచనమున మాత్రమే యుండుననియు, ఇది ఆ వస్తువుల స్వభావమును బట్టియే యగుననియు నాతడు వ్రాసెను. ఈ స్వభావవాదము చూచుటకు గంభీరముగా నున్నది, పరీక్షకు నిలువదు. ఇంగ్లీషున గోధుమకు 'వీట్' అను పేరు ఏకవచనము. దానికి చుట్టమైన మఱియొక ధాన్యమునకు 'ఓట్స్' అను పేరు బహువచనము. రెండును పొలములో పండునవే, రెండును గింజలే, రెండును రాశి పోయునవే. వస్తుస్వభావము ఒకటియే యైనప్పుడు వచనము వేఱగుటకు కారణము వస్తువు కాజాలదు. కారణము వాడుక. వాడుకకు పుట్టుక కలదు, మార్పు కలదు. ఈ మాటలకు కొన్ని నిదర్శనములు చూపెదము.

'రిసెర్చ్' అను మాటను బహువచనమున వాడరాదని నేడు మన విద్యార్థులకు బోధించుచున్నారు. కాని సర్ విలియం జోన్సు 1784లో కలకత్తాలో స్థాపించిన ఏషియాటిక్ సొసైటీ పక్షమున 1788 నుండి వెలువడిన సంపుటముల పేరేమి? 'ఏషియాటిక్ రిసెర్చెస్'. విద్యుచ్ఛాస్త్రమునకు పునాది వేసిన మైకేల్ ఫారడే 1831 నుండి ప్రకటించిన పరిశోధనల పేరును 'ఎక్స్‌పెరిమెంటల్ రిసెర్చెస్' అనియే. ఫ్రాన్సిస్ బేకన్ 1605లో విద్యాభివృద్ధిని గూర్చి వ్రాసిన గ్రంథమున 'నాలెడ్జెస్' అని జ్ఞానమునకు బహువచనమును వాడెను. 1794లో విలియం పేలీ క్రైస్తవమత నిదర్శనములను గూర్చి వ్రాసిన గ్రంథమునకు 'ఎవిడెన్సెస్' అను మాట చేర్చి పేరు పెట్టెను. దూరదేశములనుండి వచ్చిన వార్తలను 'అడ్వైసెస్' అని వ్రాయుట ఇంగ్లీషు పత్రికలకును వర్తకులకును చిరకాలము పరిపాటి. 'న్యూస్' అను మాటను షేక్స్పియరు ఒకచోట ఏకవచనముగను మఱియొకచోట బహువచనముగను వాడెను. నేడు మన బాలుడు పరీక్షలో ఇట్లు వ్రాసినచో ఎఱ్ఱసిరా గీత తప్పదు.

మాటలు లెక్కలోనికి వచ్చుటయు, లెక్కనుండి తొలగుటయు గూడ కలదు. బటానీకి పూర్వము ఇంగ్లీషున 'పీజ్' అని పేరు. అది రాశికి పేరు. దాని చివరనున్న జకారధ్వని ధాతువులోనిదే కాని బహువచన ప్రత్యయము కాదు. జనులు దానిని ప్రత్యయమని భ్రమించి, 17వ శతాబ్దమున దానిని తీసివేసి 'పీ' యను క్రొత్త యేకవచనమును సృష్టించిరి. రాశిలో కలిసియున్న గింజ ఒక పొరపాటువలన లెక్కకు వచ్చినది! సంపదకు పేరైన 'రిచెస్' ఫ్రెంచినుండి ఏకవచనముగా వచ్చి, చివరి ధ్వనిచే బహువచనమైపోయినది. దానమునకు పేరైన 'ఆమ్స్' అనుదాని కథయు నిట్టిదే.

ఫ్రెంచివారి సాక్ష్యము ఇంకొకటి కలదు. 'ఇన్ఫర్మేషన్' అను మాటను ఇంగ్లీషువారు పూర్వము ఫ్రెంచినుండి తీసికొనిరి. ఆ ఫ్రెంచిలో నేటికిని ఒక ఇన్ఫర్మేషన్, రెండు ఇన్ఫర్మేషనులు అని చక్కగా లెక్కింతురు. సలహాలను లెక్కింతురు, ఇంటి సామానును లెక్కింతురు. ఒక సన్నని సముద్రపుపాయకు ఆవల లెక్కకు వచ్చునది ఈవల రాకపోవుట వస్తుస్వభావమగునా?

ఇట్లు వాడుకయే రాజైనప్పుడు, ఇంగ్లీషు పిల్లవానికి ఈ జాబితాతో పనిలేదు, తల్లిఒడిలోనే నేర్చుకొనును. అందుచేతనే పూర్వ వ్యాకరణకర్తలు దీనిపై నాలుగు పంక్తులు వ్రాసి యూరకుండిరి. కష్టము పరభాషీయులకు కలిగినది. దానిని శ్రద్ధతో పరిశీలించిన వారిలో ముఖ్యుడు ఇంగ్లీషువాడు కాడు, డెన్మార్కు దేశస్థుడైన ఆటో యెస్పర్సన్. ఈయన 1924లో ప్రకటించిన వ్యాకరణతత్త్వ గ్రంథమున, లెక్కకు వచ్చు మాటలను వేఱుచేసి, లెక్కకు రానివానికి రాశిపదములని పేరిడి విచారించెను. జపాను దేశమున విద్యాశాఖకు సలహాదారుగా 1922లో వెళ్లిన హెరాల్డు పామర్ 1936 వఱకు అచ్చట పనిచేసి, 1938లో సుమారు వేయి మాటల వ్యాకరణమును ప్రకటించెను. అందు ప్రతి నామమునకును లెక్కకు వచ్చునా రాదా యని గుర్తుంచెను. ఆతని సహచరుడు ఏ. ఎస్. హార్న్‌బీ తన మిత్రులిద్దఱితో గూడి కూర్చిన నిఘంటువు 1942లో, యుద్ధము సాగుచుండగా, టోకియోలో అచ్చయినది. అదియే 1948లో ఆక్స్‌ఫర్డు ముద్రణాలయమువారు మరల ప్రకటించిన విద్యార్థి నిఘంటువు. నేడు మన యిండ్లలో పిల్లల బల్లలపై నుండు ఇంగ్లీషు నిఘంటువులలో నామముల ప్రక్క కనబడు ఆ చిన్న గుర్తులు అట్లు వచ్చినవి. ఈ నియమమునకు స్పష్టమైన రూపము నిచ్చినది లండను రాజసభ కాదు, పరభాష నేర్చుకొను జపాను బాలుని కష్టమని గ్రహింపవలెను.

మన దేశమున జరిగినదేమి? 1835లో మెకాలే మినిట్టు వ్రాసిన పిమ్మట ఇంగ్లీషు ఉద్యోగమునకు ద్వారమైనది. ద్వారమువద్ద నిలుచువానికి తప్పులు భయంకరములు. 1891లో ఆర్నాల్డు రైట్ అనునతడు భారతీయుల ఇంగ్లీషును పరిహసించుచు, బాబుల ఇంగ్లీషను పేర ఒక పుస్తకమునే ప్రకటించెను. ఆ పరిహాసము దొరలతో పోలేదు. 1947లో రాజ్యము మాఱినను, మా తరగతిగదిలో మాత్రము మన యుపాధ్యాయుని నోటనే అది బ్రతికియుండెను. ఇదియే మాకు విచారకరముగా దోచుచున్నది.

ఇప్పుడొకమాఱు మన వంటింటివైపు చూతము. మనకు నీళ్లు కాగినవి, పాలు పొంగినవి, కాని నెయ్యి కరగినది, పెరుగు పులిసినది. నీళ్లు బహువచనమేల? నెయ్యి ఏకవచనమేల? జొన్నలు, రాగులు, కందులు, పెసలు బహువచనములు; ఉప్పు, బెల్లము, పిండి ఏకవచనములు. బియ్యమున బహువచన ప్రత్యయమే లేదు. అయినను 'బియ్యము నిండుకొన్నవి' యని యిల్లాండ్రు చెప్పుచుందురు. ఉప్పు మాత్రము 'నిండుకొన్నది'. డబ్బు అను మాట పూర్వము ఒక రాగినాణెమునకు పేరు. డబ్బులను ఒకటి రెండని యెంచుచుండిరి. నేడది ధనమునకంతకు సామాన్యనామమైనది. నిత్యబహువచనములని మన వ్యాకర్తలు కొన్నింటికి పేరు పెట్టిరి. పేరు పెట్టుట కారణము చెప్పుట కాదు. 1816లో క్యాంబెల్ దొరయు, 1840లో బ్రౌను దొరయు తెలుగు వ్యాకరణములు వ్రాసినది ఇట్టి చిక్కులలో పడు తమ దేశీయుల కొఱకే. తెలుగు నేర్చుకొను దొర 'నీళ్లు ఉన్నది' అన్నచో మన యిల్లాలు నవ్వుకొనవచ్చును; ఏల తప్పో చెప్పుమన్నచో, ఆమెయు మా ఉపాధ్యాయునివలెనే 'మేమట్లనము' అని చెప్పవలసివచ్చును.

కాని ఆ యిల్లాలివద్దనే ఈ నియమమును నేర్పు ఉపాయమును కలదు. ఏ తెలుగుతల్లియు కూతునితో 'ఒక ఉప్పు తెమ్ము' అనదు. చిటికెడు ఉప్పు అనును. ఒక నూనె యనదు; గిద్దెడు నూనె యనును. సోలెడు పాలు, కుండెడు నీళ్లు, బెల్లపు గడ్డ అనును. రాశిని లెక్కింపవలెనన్న కొలత కావలెనని ఆమెకు తెలియును. ఇంగ్లీషువారు 'ఏ పీస్ ఆఫ్ అడ్వైస్' అనుట ఇట్టిదే. వారు సలహాను బెల్లమువలె భావించి గడ్డకొట్టి యిచ్చుచున్నారు. మనము సలహాను మామిడిపండువలె భావించి ఒకటి, రెండు అని యిచ్చుచున్నాము. భేదమింతియే. హోటలులో కూర్చుండి 'రెండు కాఫీలు' అని మనమడుగునప్పుడు కాఫీ రాశి కాదు, గ్లాసు. ఇంగ్లీషువాడు 'ఏ కాఫీ' యనుటయు నందుకే. ఇట్లే 'ఐరన్' అన్నచో ఇనుము, 'యాన్ ఐరన్' అన్నచో ఇస్త్రీపెట్టె. 'పేపర్' అన్నచో కాగితము, 'ఏ పేపర్' అన్నచో వార్తాపత్రిక. ఒక్క చిన్న మాట రాశిని వస్తువుగా మార్చుచున్నది. ఈ చమత్కారమును చూపినచో పిల్లలు భయపడుదురా? మేమెఱిగినంతలో వారు తామే క్రొత్త యుదాహరణములను వెదకుదురు.

ఇంతమాత్రమున నియమమును విడిచి స్వేచ్ఛగా వ్రాయుడని మేము చెప్పుటలేదు. ఒకరి యింటికి పోయినప్పుడు ఆ యింటి మర్యాద ననుసరింపవలెను. 'ఇన్ఫర్మేషన్' ముందు 'యాన్' చేర్చకుండుట నేటి యింగ్లీషు మర్యాద. పరీక్ష వ్రాయు బాలుడును, ఉద్యోగమునకు దరఖాస్తు పంపు యువతియు దానిని పాటింపవలసినదే. అయితే మర్యాద వేఱు, బుద్ధి వేఱు. మర్యాద తెలియనివాడు బుద్ధిహీనుడు కాడు. భారతీయుల ఇంగ్లీషునకు స్వంత లక్షణములు కలవని, వాని నన్నింటిని తప్పులుగా నెంచరాదని, బ్రజ్ కాచ్రూ మొదలగు పండితులు 20వ శతాబ్దపు ఉత్తరార్ధమున వాదించిరి. ఆ వాదమును పూర్తిగా అంగీకరించినను, అంగీకరింపకున్నను, ఒక సంగతి మాత్రము స్థిరము. 'ఒక సలహా' యని తలచి 'యాన్ అడ్వైస్' అని వ్రాసిన బాలుడు తన మాతృభాష యుక్తిని సక్రమముగనే ప్రయోగించెను. వానికి తెలియనిది మఱియొక జాతివారి వాడుక మాత్రమే.

కావున ఇంట పిల్లల పుస్తకములు దిద్దు తల్లిదండ్రులకు మా మనవి యొక్కటి. 'ఏ' యనగా ఒకటి, 'ది' యనగా ఆ యని మొదట చెప్పుడు. ఇది కారణముగల భాగము, పిల్లలకు వెంటనే యర్థమగును. ఏ మాటను ఇంగ్లీషువారు గడ్డగా నెంతురో, ఏ మాటను పండుగా నెంతురో నిఘంటువు చూచి నేర్చుకొనుమని పిమ్మట చెప్పుడు. ఇది కారణములేని భాగము, జ్ఞాపకముంచుకొనవలసినదే. కారణము లేనిచోట కారణమున్నట్లు నటింపకుడు, తెలియనందుకు నవ్వకుడు. ఆనాడు మా ఉపాధ్యాయుడు 'ఇది వారి వాడుక. మన నీళ్లు బహువచనమైనట్లే' అని యొక్క మాట చెప్పియుండినచో, ఆ బాలుడు మరునాడును చేయి యెత్తి ఇంగ్లీషున మాటాడియుండును.